స్కాండల్ తెచ్చిన కసితోనే 2006లో ఇటలీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిందా?

కాదు. టోర్నమెంట్‌కి ముందే ఇటలీ లీగ్‌లో రెఫరీల ఎంపిక మీద పెద్ద స్కాండల్ బయటపడింది, ఆ అవమానం తెచ్చిన కసితోనే వాళ్లు గెలిచారని చాలామంది అంటారు. నాకు ఆ కథ అస్సలు నచ్చదు. కసి లేకుండా ప్రపంచకప్‌కి వచ్చే జట్టు ఏదైనా ఉంటుందా? ఆ ఏడాది జర్మనీలో ఆడిన 32 జట్లలో కప్పు దక్కింది, ఏడు మ్యాచ్‌ల్లో రెండే గోల్స్ ఇచ్చిన జట్టుకి. అందులో ఒకటి అమెరికాతో మ్యాచ్‌లో ఇటలీ ఆటగాడు జక్కార్డో తన గోల్‌లోకే కొట్టుకున్నది, రెండోది ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ పెనాల్టీ. మామూలు ఆటలో ఎదుటి జట్టువాడు ఒక్కడు కూడా గోల్‌కీపర్ బుఫోన్‌ని దాటించి బంతి వేయలేకపోయాడు. కోపంతో అలా డిఫెన్స్ ఆడలేరు. కోపం వస్తే ఎదుటివాడి కాళ్ల మీదకి వెళ్తారు, ఎర్ర కార్డు తెచ్చుకుంటారు.

2005-06లో నేను టురిన్‌లో చదువుకుంటున్నాను కాబట్టి ఆ సీజన్ మొత్తం దగ్గర్నుంచి చూశాను. కపెల్లో కోచ్‌గా ఉన్న ఆ ఊరి క్లబ్ యువెంటస్ ఇటలీ లీగ్‌లో 91 పాయింట్లు తెచ్చుకుంది. చూడ్డానికి మాత్రం నీరసం. ఒక గోల్ కొట్టడం, తలుపులు వేసుకోవడం. ఆడేదేమో డెల్లె ఆల్పి స్టేడియంలో. 1990 ప్రపంచకప్ కోసం ఊరి చివర కట్టారు. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్, మనం ఎక్కడో ఆకాశంలో కూర్చోవాలి, మంచు పడితే నంబర్లు కూడా కనపడవు. చాలా మ్యాచ్‌లకి సీట్లు ఖాళీగానే ఉండేవి. పైగా ఆ ఏడాది నుంచే టికెట్ మీద పేరు ఉండాలని రూల్ వచ్చింది. గొడవలు చేసేవాళ్లని పట్టుకోవడానికట. గొడవలు చేసేవాళ్ల సంగతేమో గానీ, మన ఇంటిపేరూ అసలు పేరూ కలిపి టైప్ చేసేసరికి కౌంటర్లో అమ్మాయికి కన్నీళ్లు వచ్చేవి, నా వెనక క్యూకి కోపం వచ్చేది. నా పేరు ఒక్కసారి కూడా సరిగ్గా పడలేదు. గేటు దగ్గర ఎవరూ చూడలేదు కూడా!

సరే, అసలు విషయం. మే నెలలో ఫోన్ ట్యాపింగ్ సంభాషణలు పేపర్లలోకి వచ్చాయి. యువెంటస్ జనరల్ డైరెక్టర్ లుచానో మొజ్జి, ఏ మ్యాచ్‌కి ఏ రెఫరీని వేయాలో నిర్ణయించే పెద్దమనుషులతోనే ఫోన్లో మాట్లాడుతున్నాడు. క్లబ్ బోర్డు రాజీనామా చేసింది. మే 14న బారీలో రెజ్జీనాని 2-0తో ఓడించి జట్టు లీగ్ గెలిచింది, కానీ అది నిలుస్తుందన్న నమ్మకం ఊళ్లో ఎవరికీ లేదు.

మా ఇంటి కింద బార్ ఓనరు టొరినో అభిమాని, అంటే ఊళ్లో యువెంటస్‌కి పోటీ క్లబ్. గోడ మీద 1949లో సుపెర్గా కొండ మీద విమానం కూలి చనిపోయిన గ్రాండే టొరినో జట్టు ఫోటో. రోజూ పొద్దున ఆ సంభాషణలు గొంతు మార్చి మరీ చదివి వినిపించి చంకలు గుద్దుకునేవాడు. "మొజ్జి అంతకుముందు మీ టొరినోలోనే కదండీ పనిచేసింది" అంటే మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు. జూన్ 11న టొరినో ప్లేఆఫ్ గెలిచి పై డివిజన్ సెరీ ఆకి తిరిగొచ్చింది. యువెంటస్ కిందికి పోతుందని అందరూ అనుకుంటున్నారు. ఆయన ఆనందానికి ఇక పట్టపగ్గాల్లేవు.

జూలై 4, డోర్ట్‌మండ్‌లో జర్మనీతో సెమీఫైనల్. జర్మనీ ఆ ఊళ్లో అంతకుముందు ఎప్పుడూ ఓడలేదు. బార్‌లో నిలబడ్డానికి చోటు లేదు, ఫ్యాన్ తిరగట్లేదు. ఎక్స్‌ట్రా టైమ్ మొదట్లోనే జిలార్దీనో బంతి పోస్టుకి తగిలింది, జాంబ్రోత్తా కొట్టింది గోల్ పైనున్న క్రాస్‌బార్‌కి తగిలింది. 119వ నిమిషంలో కార్నర్ తర్వాత పిర్లో దగ్గరికి బంతి వచ్చింది. అటు చూడకుండానే గ్రోస్సోకి ఇచ్చాడు, గ్రోస్సో ఎడమ కాలితో తిప్పి కొట్టాడు, గోల్. ఓనరు కౌంటర్ దూకి వచ్చి నన్ను ఎత్తేశాడు. గ్రోస్సో పలెర్మో ఆటగాడు కదా, ఇబ్బందేం లేదు. రెండు నిమిషాలు తిరక్కుండా కన్నవారో బంతిని తలతో బయటికి కొట్టి, మళ్లీ తనే ముందుకి పరిగెత్తి లాక్కున్నాడు. తొత్తి, జిలార్దీనో, అక్కడ్నుంచి డెల్ పియెరో. పై మూలకి మెత్తగా లేపి వేశాడు. ఓనరు రెండు చేతులూ పైకి లేచాయి. కొట్టింది యువెంటస్ కెప్టెన్ అని గుర్తొచ్చి సగంలో ఆగాయి. "ఇది ఇటలీ గోల్" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడు చెప్పండి, ఆ రెండో గోల్‌లో కసి ఎక్కడుంది? 120 నిమిషాలు ఆడాక కూడా ఎవడు ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. ఆ 23 మందీ సెరీ ఆ క్లబ్బుల వాళ్లే, బయటి దేశంలో ఆడేవాడు ఒక్కడూ లేడు. వారం వారం ఒకరినొకరు తన్నుకుని, ఒకరి గుట్టు ఒకరికి తెలిసినవాళ్లు. గోల్స్ కొట్టినవాళ్లే పదిమంది. ఆ లీగ్ ఆఫీసుల్లో కుళ్లిపోయింది గానీ మైదానంలో కాదు. నా లెక్కలో ఐరోపాలో డిఫెన్స్ నేర్పించిన చివరి పెద్ద లీగ్ అదే.

స్కాండల్ వాళ్లకి సాయం చేయలేదు, బరువే అయింది. జూన్ 27న వాళ్ల పాత సహచరుడు పెస్సొత్తో యువెంటస్ ఆఫీసు కిటికీలోంచి పడిపోయాడు. బతికాడు. డెల్ పియెరో, జాంబ్రోత్తా టోర్నమెంట్ మధ్యలో టురిన్ వచ్చి చూసి వెళ్లారు. దాన్ని కూడా కసి ఖాతాలో రాసేవాళ్లకి దణ్ణం.

1982లో కూడా బెట్టింగ్ స్కాండల్ తర్వాతే గెలిచారు కదా అంటారు. నిషేధం ముగించుకుని వచ్చిన పావ్లో రోస్సీ ఆరు గోల్స్ కొట్టాడు, నిజమే. కానీ మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కటీ కొట్టలేదు. కసి దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుందా?

బెర్లిన్ ఫైనల్ తర్వాత ఐదు రోజులకే తీర్పు వచ్చింది. రెండు టైటిళ్లు పోయి యువెంటస్ కింది డివిజన్ సెరీ బికి పోయింది, 2006 టైటిల్ తర్వాత మిలాన్ క్లబ్ ఇంటర్‌కి ఇచ్చారు. ఇతర క్లబ్బుల ఫోన్లూ తర్వాత బయటికి వచ్చాయి, ఆ గొడవ ఇక్కడ మొదలుపెడితే కామెంట్లలో యుద్ధమే.

కసి చాలదని ఇంకా నమ్మకం కుదరకపోతే 2017 నవంబర్ 13 మ్యాచ్ చూడండి. మిలాన్‌లో స్వీడన్‌తో ప్లేఆఫ్, ఒక్క గోల్ వెనకబడి ఉన్నారు. నిండిన స్టేడియం, కసికి కొదవలేదు. బెర్లిన్ ఫైనల్ షూటౌట్‌లో పెనాల్టీ కొట్టిన దె రోస్సీ బెంచ్ మీద ఉన్నాడు. వార్మప్ చేయమంటే, మనకి కావాల్సింది డ్రా కాదు, గెలుపు అని గోల్స్ కొట్టే ఫార్వర్డ్ ఇన్‌సిన్యే వైపు చెయ్యి చూపించాడు. ఇన్‌సిన్యేని దింపలేదు. 0-0. ఇటలీ ప్రపంచకప్‌కి వెళ్లలేదు.