మశూచి మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం మూడుసార్లు చదివాను. మశూచి ప్రపంచం నుంచి పోయిన కథ ఎంచుకున్నందుకు ముందు సంతోషం. రాజకీయం, సైన్సు, జనం నమ్మకాలు ఒకే తాడులో పురిపడ్డ కథ అది. కానీ మొదటి పేజీలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'చివరికి విజ్ఞానం మూఢనమ్మకాన్ని జయించింది' అని రాశావు. అమ్మాయ్, ఆ వాక్యం కొట్టెయ్. చదవడానికి బాగానే ఉంది గానీ జరిగింది అలా కాదు.

లెక్క చూడు. ఇంగ్లండులో జెన్నర్ అనే డాక్టరు ఎనిమిదేళ్ళ పిల్లాడికి మొదటి టీకా వేసింది 1796లో. 1802 జూన్‌కల్లా ఆ టీకా బొంబాయి చేరి ఒక మూడేళ్ళ పాపకి పడింది. మశూచి ఇక భూమ్మీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ ప్రకటించింది 1980 మే 8న. మొదటి టీకాకీ ఆ ప్రకటనకీ మధ్య 184 ఏళ్ళు. మందు చేతిలో ఉండగానే ఒక్క ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు 30 కోట్ల మంది పోయారని అంచనా. విజ్ఞానం ఒక్కటే చాలితే ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? పెద్ద మార్పు గురించి రాయడానికి కూర్చున్నప్పుడల్లా నిన్ను నువ్వు ఇదే అడుక్కో. అప్పుడే ఎందుకు జరిగింది? అంతకు ముందు ఏం అడ్డొచ్చింది?

అడ్డొచ్చిన వాటిలో మొదటిది ఎండ. ద్రవంగా ఉండే పాత టీకా మందు మన వేసవిలో కొద్ది రోజులకే పాడైపోయేది. దాన్ని గడ్డకట్టించి ఆరబెట్టి పొడి చేసే పద్ధతి 1950ల్లో కుదిరాక, 37 డిగ్రీల వేడిలో కూడా నెల రోజులు నిలిచింది. రెండోది సూది. దీని గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. నా చిన్నప్పుడు టీకాలాయన దగ్గర చిన్న బిళ్ళకి పళ్ళున్న పరికరం ఒకటి ఉండేది. దాన్ని చర్మం మీద నొక్కి గిర్రున తిప్పేవాడు. ఆయన ఊళ్ళోకి వచ్చాడంటే పిల్లలం గడ్డివాముల వెనక నక్కేవాళ్ళం. నన్ను మా నాన్న ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టాడు. తర్వాత చేయి వాచి, పుండై, జ్వరం. మేం భయపడింది అమ్మవారికి కాదు, ఆ బిళ్ళకి. 1960ల చివర్లో రెండు కొనల సూది వచ్చింది. కొనల మధ్య ఒక్క చుక్క మందు నిలుస్తుంది, పదిహేను సార్లు పొడిస్తే చాలు. మందు పాతదాంట్లో నాలుగో వంతే సరిపోయేది. చదువు అంతగా లేనివాళ్ళు కూడా కాసేపట్లో నేర్చుకుని వేయగలిగారు.

ఇక రాజకీయం. నువ్వు 'ప్రపంచ దేశాలు ఏకమయ్యాయి' అని ఒక్క మాటతో దాటేశావు. అక్కడ ఆగి చూడాల్సింది చాలా ఉంది. 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో జరిగింది. అంతకు ముందు సంవత్సరమే సోవియట్ వాళ్ళు స్పుత్నిక్ అనే ఉపగ్రహాన్ని అంతరిక్షంలోకి పంపారు. రెండు దేశాలూ కత్తులు నూరుకుంటున్న రోజులు. కొన్నేళ్ళు ఆ సంస్థకి దూరంగా ఉండి అప్పుడే తిరిగి వచ్చిన సోవియట్ తరఫున విక్టర్ జ్దానోవ్ అనే ఆయన లేచి, మశూచిని భూమ్మీద లేకుండా చేద్దామన్నాడు. అనడానికి ముందు ఏం చదివాడో తెలుసా? అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1806లో జెన్నర్‌కి రాసిన ఉత్తరం. రాబోయే తరాలు ఈ రోగం ఒకప్పుడు ఉండేదని చరిత్రలో చదివి మాత్రమే తెలుసుకుంటాయని అందులో ఉంది. అమెరికా గడ్డ మీద, అమెరికా పెద్దమనిషి మాటతో, సోవియట్ డాక్టరు పని అడిగాడు! ఆ తర్వాత సోవియట్ దేశం వంద కోట్లకు పైగా డోసులు ఉచితంగా ఇచ్చింది. 1967లో పని గట్టిగా మొదలైనప్పుడు దాన్ని నడిపించింది హెండర్సన్ అనే అమెరికన్. ఇవన్నీ ఒక పేజీ పెట్టి రాయి, నేను కాదనను.

ఇంకో సంగతి. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో ఫీగీ అనే డాక్టరుకి అందరికీ వేసేంత మందు లేదు. అందుకని మిషనరీల రేడియోల ద్వారా జబ్బు ఎక్కడెక్కడ ఉందో కనుక్కుని, రోగుల చుట్టూ ఉన్నవాళ్ళకే వేశారు. అయినా జబ్బు ఆగింది. మందు చాలకపోవడం వల్లే అసలు పద్ధతి దొరికింది.

నమ్మకాల దగ్గర కాస్త నెమ్మదిగా నడు. మన దగ్గర పెద్దమ్మవారు పోసిందనేవాళ్ళు. కోస్తాలో పోలేరమ్మకి, తెలంగాణలో పోశమ్మకి మొక్కేవాళ్ళు. గుమ్మానికి వేపమండ కడితే బయటివాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు కాదు. మా నాయనమ్మ ఆ మండ కట్టింది, మమ్మల్ని టీకాకీ పంపింది. ఆవిడకి ఆ రెండిటికీ గొడవే కనబడలేదు. అలాంటి మనిషిని మూఢురాలనే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

గెలిచినవాళ్ళ తప్పులు కూడా దాచకు. 1974లో దేశంలో లక్షా ఎనభై వేలకు పైగా కేసులు వచ్చాయి, బీహారు అల్లాడింది. ఆ మే నెలలోనే పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వేలమంది కార్యకర్తలు పొక్కులున్న బిడ్డ ఫొటో చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. వాళ్ళ కష్టం గొప్పది. అయితే కొన్నిచోట్ల రాత్రిపూట తలుపులు పగలగొట్టి బలవంతంగా టీకాలు వేశారు. అదీ రాయాలి.

నీ ముగింపులో అలీ మావ్ మాలిన్ పేరు ఒక్కసారి వచ్చి పోయింది. అతన్ని అలా వదిలేయకు. 1977 అక్టోబరులో, సోమాలియాలోని మెర్కాలో, ప్రకృతి సిద్ధంగా మశూచి సోకిన చివరి మనిషి. ఆసుపత్రిలో వంటవాడు. రోగులైన ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి ఎక్కాడు, కొద్ది నిమిషాలే. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా టీకా ఎందుకు వేయించుకోలేదంటే, నొప్పి పుడుతుందని భయం. గడ్డివాము వెనక నక్కిన నాకు ఆ మాట చదవగానే కళ్ళు చెమర్చాయి. అతను బతికాడు. తర్వాత పోలియో చుక్కల పనిలో చేరి, భయపడి వెనక్కి తగ్గే తల్లిదండ్రులకి తన కథే చెప్పేవాడు. 2013లో ఆ పనిలో ఉండగానే మలేరియాతో పోయాడు.

మీ అమ్మమ్మగారి భుజం మీద టీకా మచ్చ ఉండే ఉంటుంది. ఎక్కడ వేశారో, ఎవరు పట్టుకున్నారో, ఇంట్లో వాళ్ళు ఏమన్నారో అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో, సరిదిద్దకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాయితాలు, ఈ వ్యాసం రెండో ప్రతి కలిపి తీసుకురా. కూర్చుని చదువుదాం.

ఉంటాను.
మీ మాస్టారు