హెల్ప్ డెస్క్ ఫారంలో ఏ గడి ఎవరు నింపాలి?

ప్రశ్న: మాది ఒక ఇంజినీరింగ్ కళాశాల. ల్యాబ్ కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, హాస్టల్ వైఫై గురించి వచ్చే ఫిర్యాదుల కోసం ఓఎస్‌టికెట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మా సర్వర్‌లో పెట్టుకున్నాము. ప్రతి శాఖవారూ తమకు కావలసిన వివరాలు చేర్చమనడంతో ఫారంలో ఇప్పుడు 23 ఫీల్డులు (నింపవలసిన గడులు) ఉన్నాయి. అన్నిటినీ తప్పనిసరి చేసినా, చాలామంది యంత్రం నంబరు దగ్గర ఒక చుక్క పెట్టి వదిలేస్తున్నారు. మెయిల్ ద్వారా వచ్చే ఫిర్యాదుల్లో అవన్నీ ఖాళీగానే ఉంటున్నాయి. ఏం చేయాలి?
— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్

జవాబు: చుక్క పెట్టినవారిని తప్పు పట్టకండి. యంత్రం నంబరు చీటీ చాలా ల్యాబుల్లో సీపీయూ వెనుక, గోడవైపు అంటించి ఉంటుంది. అది చదవాలంటే విద్యార్థి బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని, తీగలు పక్కకు జరిపి, దుమ్ము తుడవాలి. ముందుగా ఆ చీటీని మానిటర్ ముందు అంచుకు మార్చండి. ఫారం జోలికి వెళ్లకముందే చేయవలసిన పని ఇది. తరువాత ఆ ఫీల్డును షార్ట్ ఆన్సర్ రకంలోనే ఉంచి, దాని కాన్ఫిగ్‌లో (అమరికల్లో) వ్యాలిడేటర్‌ను, అంటే రాసినది సరైన రూపంలో ఉందో లేదో చూసే తనిఖీని, అమర్చండి. ఇటీవలి వెర్షన్లలో మీ నంబర్ల నమూనాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే అక్షరాలు, అంకెలు ఏ వరుసలో ఉండాలో చెప్పే సూత్రంగా, ఇవ్వవచ్చు. అప్పుడు చుక్క చెల్లదు. తప్పు రాసినప్పుడు కనిపించే సందేశం కూడా మీ చేతిలోనే ఉంది కనుక, “మానిటర్ అంచున ఉన్న నంబరు రాయండి, ఉదాహరణకు ఎల్2-17” అని తెలుగులోనే పెట్టండి.

ఇక 23 ఫీల్డుల సంగతి. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, అందులో రాసే జవాబు మారితే మీ సిబ్బంది చేసే పని మారుతుందా అని అడగండి. గది నంబరు మారితే వెళ్లవలసిన చోటు మారుతుంది, కాబట్టి అది ఉండాలి. కొన్న తేదీ, వారంటీ గడువు విద్యార్థికి తెలియవు, స్టాక్ రిజిస్టరులో ఎలాగూ ఉంటాయి. అవి కావాలనుకుంటే ఏజెంట్లకు (ఫిర్యాదులు చూసే మీ సిబ్బందికి) మాత్రమే కనిపించే ఇంటర్నల్ ఫీల్డులుగా మార్చండి. నా అభిప్రాయంలో ఫిర్యాదు చేసేవారికి నాలుగైదు గడులకు మించి చూపకూడదు.

మీరు అన్నిటినీ టికెట్ డీటెయిల్స్ ఫారంలోనే చేర్చారని అనుకుంటున్నాను. ఆ ఫారం ప్రతి టికెట్‌కూ, అంటే నమోదయ్యే ప్రతి ఫిర్యాదుకూ, వస్తుంది కనుక, హాస్టల్ వైఫై అందక రాసే విద్యార్థిని కూడా ప్రొజెక్టర్ మోడల్ అడుగుతుంది. అడ్మిన్ ప్యానెల్‌లో మేనేజ్ కింద ఫారమ్స్‌లోకి వెళ్లి ల్యాబుకు, ప్రొజెక్టరుకు, వైఫైకి వేర్వేరు ఫారాలు తయారుచేసి, హెల్ప్ టాపిక్స్‌లో (ఫిర్యాదు అంశాల జాబితాలో) ఏ అంశానికి ఆ ఫారం జతచేయండి. గదుల పేర్లను చేత్తో రాయించకుండా, లిస్ట్స్‌లో ఒక కస్టమ్ లిస్టుగా పెట్టండి. ఒకే గదిని నలుగురు నాలుగు రకాలుగా రాస్తే తరువాత లెక్క తేలదు. గది మూతపడితే దాని పేరును జాబితాలోంచి తొలగించవద్దు, డిజేబుల్ చేయండి. పాత టికెట్లకు ఆ పేరు అవసరం.

“సమస్యకు కారణం”, “మార్చిన భాగం” వంటి ఫీల్డులను ఫిర్యాదు సమయంలో తప్పనిసరి చేయడంలో అర్థం లేదు, అప్పటికి కారణం ఎవరికీ తెలియదు. వాటిని ఇంటర్నల్‌గా ఉంచి, టికెట్ మూసేటప్పుడు మాత్రమే నింపి తీరాలనే అమరికను ఫీల్డు సెట్టింగ్స్‌లో ఎంచుకోండి. నెలాఖరున ఏ ల్యాబులో ఏ భాగం ఎక్కువగా పాడవుతోందో చెప్పగలిగేవి ఈ రెండే.

ప్రతి ఫీల్డుకూ ఉండే వేరియబుల్ పేరును మొదట్లోనే స్థిరపరచుకోండి. ఈమెయిల్ టెంప్లేట్లు (సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్ల నమూనాలు) ఫీల్డును గుర్తించేది ఆ పేరుతోనే. లేబుల్‌ను ఎప్పుడైనా తెలుగులోకి మార్చవచ్చు గానీ, వేరియబుల్‌ను మారిస్తే టెంప్లేట్లలోనూ దిద్దాలి.

మెయిల్‌గా వచ్చే టికెట్‌కు ఫారం కనిపించదు, కాబట్టి తప్పనిసరి అన్న నియమం దానిని ఆపలేదు. ఈమెయిల్స్ విభాగంలో ఆ చిరునామాకు “మెయిల్ ఫిర్యాదులు” అనే ప్రత్యేక హెల్ప్ టాపిక్ ఇచ్చి, గది ఫీల్డు ఖాళీగా ఉన్న టికెట్లన్నీ ఒకచోట చేరేలా ఒక క్యూ (టికెట్ల వరుస) ఏర్పాటు చేయండి. ఈ సౌకర్యం 1.11 వెర్షన్ నుంచి ఉంది. రోజూ ఉదయం ఒక ఏజెంటు ఆ క్యూ తెరిచి, మెయిల్ చదివి, గది, యంత్రం నంబరు నింపి సరైన అంశానికి మార్చాలి. మెయిల్‌లో అవి లేకపోతే పంపినవారికి ఫోన్ చేసి అడిగి రాసుకోవాలి.