ఏజెంట్ చెప్పిన సొలిసిటరా, ఊళ్లో ఉన్న సొలిసిటరా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఏడేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. లోయర్ ఎర్లీలో ఒక సెమీ డిటాచ్డ్ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన) ఇంటికి 4,25,000 పౌండ్లకు మా ఆఫర్ ఒప్పుకున్నారు. ఇప్పుడు సొలిసిటర్‌ని, అంటే కొనుగోలు కాగితాల పని చూసే లాయర్‌ని పెట్టుకోవాలి. ఎస్టేట్ ఏజెంట్ తమకు తెలిసిన సంస్థనే తీసుకోమంటున్నాడు, వాళ్ల ఫీజు 1,650 పౌండ్లు. ఆన్‌లైన్ సంస్థ ఒకటి 850కే చేస్తానంటోంది. రెడింగ్‌లోనే ఉన్న చిన్న ఆఫీసు 1,400 అడుగుతోంది. వాట్సాప్ గ్రూపులో ఇంకో ఊళ్లో ఉన్న తెలుగు లాయర్ పేరు కూడా చెప్పారు. డిపాజిట్ కోసం మా నాన్నగారు గుంటూరు దగ్గర పొలం అమ్మి 30 లక్షలు పంపుతున్నారు. నా పేరున కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. ఇప్పుడు 80 లక్షలు పలుకుతోంది. ఇక్కడ ఇదే మా మొదటి ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీ 6,250 పౌండ్లే అవుతుందని ఏజెంట్ చెప్పాడు. ఎవరిని పెట్టుకోమంటారు?

జవాబు: సొలిసిటర్ సంగతి తర్వాత. ముందు ఆ 6,250 లెక్క చూద్దాం, ఎందుకంటే అది తప్పు. మీ విషయంలో కట్టాల్సింది 32,500 పౌండ్లు కావచ్చు.

మొదటిసారి కొనేవాళ్లకు ఇచ్చే రాయితీలో 3,00,000 పౌండ్ల దాకా పన్ను లేదు, ఆపైన 5,00,000 వరకు 5 శాతం. ఏజెంట్ వేసింది ఆ లెక్కే. కానీ మొదటిసారి కొనడం అంటే బ్రిటన్‌లో మొదటిసారి కాదు. ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు ఉండకూడదు. కొనేవాళ్లు ఇద్దరైతే ఇద్దరికీ ఉండకూడదు. కూకట్‌పల్లి ఫ్లాట్ మీ పేరున ఉన్నందువల్ల ఆ రాయితీ పోయింది. మామూలు రేట్ల ప్రకారం మొదటి 1,25,000కు సున్నా, తర్వాతి 1,25,000కు 2 శాతం, మిగిలిన 1,75,000కు 5 శాతం, మొత్తం 11,250 పౌండ్లు.

అక్కడితో అయిపోలేదు. కంప్లీషన్ రోజు, అంటే డబ్బంతా కట్టి ఇల్లు మీ చేతికొచ్చే రోజు ముగిసేసరికి మీకు ఇంకో ఇల్లు ఉండి, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకన్నా ఎక్కువైతే, కొత్త ఇంటి మొత్తం ధర మీద అదనంగా 5 శాతం కట్టాలి. 2024 అక్టోబరు 31 నుంచి ఇదే రేటు. ఆ ఇంకో ఇల్లు ఏ దేశంలో ఉన్నా లెక్కే. 80 లక్షలంటే 40,000 పౌండ్లు ఎప్పుడో దాటిపోయింది. 4,25,000 మీద 5 శాతం 21,250. రెండూ కలిపితే 32,500. ఏజెంట్ చెప్పినదానికీ దీనికీ తేడా 26,250 పౌండ్లు. ఈ డబ్బు కంప్లీషన్ తర్వాత 14 రోజుల్లో పన్ను శాఖకు చేరాలి.

ఇల్లు భార్య ఒక్కదాని పేరునే కొంటే సరిపోతుంది కదా అని మనవాళ్లలో చాలామంది అంటుంటారు. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనపు పన్ను విషయంలో ఒకే యూనిట్‌గా చూస్తారు. మీ ఫ్లాట్ ఆవిడ ఫ్లాట్ కిందే లెక్క. అలాగే, ముందు కొనేసి తర్వాత ఫ్లాట్ అమ్మితే డబ్బు వెనక్కి వస్తుందనే మాట కూడా నమ్మకండి. ఆ రీఫండ్ వచ్చేది, మీరు ఈమధ్య దాకా స్వయంగా కాపురం ఉన్న ఇంటిని అమ్మినప్పుడే. ఏడేళ్లుగా మీరు కాపురం లేని ఫ్లాట్‌కి అది వర్తించదు.

ఫ్లాట్ అమ్మే ఆలోచన ఉంటే కంప్లీషన్‌కి ముందే రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి. అయితే మీరు ఇక్కడ రెసిడెంట్లు కాబట్టి ఆ లాభం మీద బ్రిటన్‌లోనూ క్యాపిటల్ గెయిన్స్ లెక్క చూపాలి. అది 18 లేదా 24 శాతం, భారత్‌లో కట్టిన పన్నుకు క్రెడిట్ ఉంటుంది. నాన్నగారి పేరున గిఫ్ట్ డీడ్ రాసినా ఆ రోజు మార్కెట్ ధరకు అమ్మినట్టే చూస్తారు. 21,250 ఆదా అవుతుందని తొందరపడే ముందు ఈ పన్ను ఎంత వస్తుందో లెక్క వేయించుకోండి. ఫ్లాట్ ఎప్పుడు, ఎంతకు కొన్నారో రాసి పంపితే ఆ లెక్క విడిగా చేసి చూపిస్తాను.

ఇక మీ అసలు ప్రశ్న. పైన చెప్పిందంతా సొలిసిటర్‌ని ఎంచుకోవడానికి మీకు మంచి పరీక్ష. కోట్ (ఫీజు అంచనా) ఇచ్చిన వాళ్లలో ఎవరైనా, ‘మీకు ఏ దేశంలోనైనా ఇల్లు ఉందా?’ అని అడిగారా? అడగకుండా స్టాంప్ డ్యూటీ అంకె వేసిన సంస్థ ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అడిగిన సంస్థతో మాట్లాడండి. ఎవరూ అడగకపోతే మీరే ఫోన్ చేసి ఫ్లాట్ సంగతి చెప్పండి, వాళ్లు ఏమంటారో వినండి. స్టాంప్ డ్యూటీ రిటర్న్ వాళ్లు నింపినా, అందులో తప్పుంటే బాధ్యత మీదే. అందుకే వాళ్ల సమాధానం ఈమెయిల్‌లో తీసుకోండి.

ఏజెంట్ చెప్పిన సంస్థ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ ఏజెంట్ పనిచేసేది ఇల్లు అమ్మేవాళ్ల కోసం, కమిషన్ ఇచ్చేదీ వాళ్లే. మిమ్మల్ని సొలిసిటర్ దగ్గరకు పంపినందుకు రెఫరల్ ఫీజు తీసుకోవడం ఇక్కడ మామూలే, చట్టవిరుద్ధం కాదు. కానీ ఎంత తీసుకుంటున్నాడో మీకు చెప్పాలి. అడగండి. ‘మా సొలిసిటర్‌ని పెట్టుకోకపోతే ఓనర్ వేరే వాళ్లకు ఇచ్చేస్తాడు’ అని బెదిరిస్తే లొంగకండి. అలా షరతు పెట్టడానికి వీల్లేదు. ఆ సంస్థే అమ్మేవాళ్ల తరఫున కూడా చేస్తోందా అన్నది కూడా కనుక్కోండి.

850 పౌండ్ల కోట్ రెండో పేజీ చూశారా? మీరు పంపిన కాపీలో చిన్న అక్షరాల్లో ఉంది. బ్యాంకు లోన్ పని ఉంటే 150, గిఫ్ట్ డబ్బు పరిశీలనకు 120, స్టాంప్ డ్యూటీ రిటర్న్‌కు 95, గుర్తింపు తనిఖీకి మనిషికి 15 చొప్పున మీ ఇద్దరికీ అమ్మానాన్నలకూ కలిపి 60, డబ్బు బదిలీకి 45. కలిపితే 1,320. రెడింగ్ ఆఫీసు 1,400లో ఇవన్నీ కలిసే ఉన్నాయి. అంటే అసలు తేడా 550 కాదు, 80 పౌండ్లు. రెండు చోట్లా 20 శాతం వ్యాట్, సెర్చ్‌ల (కౌన్సిల్ వగైరా రికార్డుల తనిఖీల) ఖర్చు, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు వేరు. 2018 డిసెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్ సంస్థలు ఇళ్ల కొనుగోలుకు తమ ధరలు వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. వాటిని తీసుకుని, మీ కేసుకు వర్తించే ప్రతి వరుసా కూడి చూడండి.

ఊళ్లోవాళ్లే మంచివాళ్లని గుడ్డిగా అనను. ఇక్కడ మన దగ్గరలాగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లే పని లేదు. లింకు డాక్యుమెంట్ల కట్టలూ ఉండవు. హక్కు ల్యాండ్ రిజిస్ట్రీ రికార్డులో ఉంటుంది. కౌన్సిల్ సెర్చ్, డ్రైనేజీ, పర్యావరణ నివేదికలు అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. లీడ్స్‌లో కూర్చున్న సమర్థుడైన సొలిసిటర్ మీ ఇల్లు నిక్షేపంగా కొనిపెట్టగలడు.

ఐతే నివేదికలో వచ్చిన ఒక వాక్యం ఎంత ముఖ్యమో పసిగట్టడం వేరు. పోస్టల్ అడ్రస్‌లో రెడింగ్ అని ఉన్నా లోయర్ ఎర్లీ వోకింగమ్ కౌన్సిల్ కిందకు వస్తుంది. రెడింగ్‌లోనే కోలీ వైపు నేల కింద పాత సుద్ద గనులున్నాయి. 2000లో ఫీల్డ్ రోడ్‌లో నేల కుంగి జనం ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. కావర్షమ్‌లో నది పక్క వీధులకు థేమ్స్ వరద భయం. బర్గ్‌ఫీల్డ్ అణ్వాయుధ కేంద్రం చుట్టూ ఉన్న అత్యవసర ప్రణాళిక పరిధిని 2020లో పెంచారు, దాని ప్రభావం చుట్టుపక్కల నిర్మాణ అనుమతుల మీద పడింది. మీరు చూసిన ఇంటికి ఇవన్నీ వర్తించకపోవచ్చు. ఈ చుట్టుపక్కల ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఏ వీధికి ఏది అడగాలో చప్పున తడుతుంది.

లోయర్ ఎర్లీకి సంబంధించి నేను అడిగించే ప్రశ్న వేరే ఉంది. 1970ల చివరి నుంచి పెద్ద పెద్ద బిల్డర్లు వరుసగా కట్టిన పేట అది. అలాంటి చోట్ల హక్కు పత్రాల్లోనే బిల్డర్ పెట్టిన షరతులు ఉండటం మామూలు: అనుమతి లేకుండా మార్పులు చేయరాదు, గ్యారేజీని కారుకే వాడాలి, ముందు గోడ కట్టరాదు. మీరు పంపిన ఫొటోల్లో గ్యారేజీ చదువుల గదిగా మారి ఉంది. దానికి కౌన్సిల్ ఇచ్చిన బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్, అంటే పని నిర్మాణ నిబంధనల ప్రకారం పూర్తయిందనే కాగితం ఉందా? షరతు ఉంటే, మార్చడానికి అనుమతి తీసుకున్నారా? ఈ రెండు కాగితాలు లేకుండా ‘ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (కాగితాల లోపం వల్ల నష్టం వస్తే భరించే బీమా) తీసుకుందాం, సరిపోతుంది’ అని ఎవరైనా తేల్చేస్తే, ఎందుకు సరిపోతుందో వివరించమనండి. ఆ పాలసీ గది గోడ సరిగా కట్టారో లేదో చూడదు.

నా ఓటు రెడింగ్ ఆఫీసుకే, కొన్ని సంగతులు సరిచూసుకున్నాక. మొదటిది, మీకు లోన్ ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఆమోదించిన లాయర్ల జాబితాలో ఆ ఆఫీసు ఉండాలి. చిన్న ఆఫీసులు కొన్ని ఉండవు. లేకపోతే బ్యాంకు తన తరఫున వేరే లాయర్‌ని పెడుతుంది, ఆ ఖర్చూ ఆలస్యమూ మీకే. రెండోది, మీ ఫైలు ఎవరి చేతిలో ఉంటుందో పేరు అడగండి. బోర్డు మీదున్న పార్ట్‌నర్ మాట్లాడి, పని మాత్రం వేరేవాళ్లు చేయడం తప్పు కాదు, కానీ ఆ మనిషితో మీరు ముందే ఒకసారి మాట్లాడాలి. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చూస్తారో కూడా తెలియాలి. మూడు నాలుగు నెలలు పట్టే పని ఇది. ఆన్‌లైన్ సంస్థల మీద నేను ఎక్కువగా వినే ఫిర్యాదు, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతుకు కథంతా మొదటి నుంచి చెప్పాల్సి రావడం. సొలిసిటర్ అయితే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ జాబితాలో, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ పనికే లైసెన్స్ ఉన్నవాళ్లు) అయితే వాళ్ల కౌన్సిల్ జాబితాలో పేరు వెతకండి. రెండు రకాల వాళ్లూ ఈ పనికి అర్హులే. లా సొసైటీ వారి కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉంటే ఇంకా మంచిది.

తెలుగు లాయర్ సంగతి ఒక్క మాట. ఆయన రోజూ చేసేది వీసా కేసులా, ఇళ్ల కొనుగోళ్లా? వీసా కేసుల్లో దిట్ట అయినంత మాత్రాన ఇంటి ఫైలు అప్పగించకండి. ఇళ్ల పనే చేస్తుంటే మిగతావాళ్లను అడిగినవే ఆయన్నీ అడగండి. భాష కలవడం నిజంగానే ఒక చోట అక్కరకొస్తుంది, అది నాన్నగారి డబ్బు విషయంలో.

ఎంత మంచి సొలిసిటర్ అయినా మీ కొనుగోలు ఆగే ప్రమాదం అక్కడే ఎక్కువ. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం, ఆ 30 లక్షలు మీ ఖాతాకు వచ్చిందన్నది వాళ్లకు చాలదు. నాన్నగారికి ఎలా వచ్చిందో కాగితం కావాలి. పొలం రిజిస్టర్డ్ సేల్ డీడ్, కొన్నవాళ్ల ఖాతా నుంచి నాన్నగారి ఖాతాకు డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఇది అప్పు కాదని, ఇంట్లో తనకు వాటా లేదని నాన్నగారు సంతకం చేసిన గిఫ్ట్ లెటర్, ఆయన పాస్‌పోర్టు. డీడ్ తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం చేయించండి. అమ్మకంలో కొంత నగదుగా ముట్టి ఉంటే ఆ భాగాన్ని ఈ ఇంటి డబ్బులో కలపకండి. బ్యాంకులో వేసినా దాని మూలం చూపలేరు. అనుమానం వస్తే సొలిసిటర్ ప్రభుత్వానికి తెలియజేయాలి, తెలియజేశానని మీకు చెప్పకూడదు కూడా. అప్పుడు ఫైలు ఎందుకు కదలడం లేదో తెలియక మీకు టెన్షన్.

నాన్నగారు పంపేది భారత్‌లోని ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద. ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి మీకు అడ్డు కాదు. కానీ ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుంటుంది. 30 లక్షలు ఒకేసారి పంపితే 20 లక్షల మీద 4 లక్షలు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ ఈలోపు ఆ 4 లక్షలు ఆయన చేతిలో అదనంగా ఉండాలి. పొలం అమ్మానాన్నలిద్దరి పేరునా ఉంటే, ఎవరి వాటా వాళ్ల ఖాతా నుంచి పంపితే ఇద్దరికీ చెరో 10 లక్షల పరిమితి దొరుకుతుంది. అప్పుడు గిఫ్ట్ లెటర్లు కూడా రెండు కావాలి. ఎక్స్‌చేంజ్ రోజు, అంటే ఇరుపక్షాలూ ఒప్పందానికి కట్టుబడే రోజు 10 శాతం, అంటే 42,500 పౌండ్లు సిద్ధంగా ఉండాలి. ఆ రోజు దాటాక వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోతుంది. అందుకని నాన్నగారి బదిలీని ఇప్పుడే మొదలుపెట్టించండి.

చివరగా, సొలిసిటర్ ఖాతా నంబరు మొదటి రోజే వాళ్ల ఆఫీసుకు వెళ్లి కాగితం మీద తీసుకోండి. ఊళ్లో ఆఫీసు ఉన్నందుకు ఇది కూడా ఒక లాభం. కంప్లీషన్ దగ్గరపడ్డాక ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నంబరుకు పంపండి’ అని వాళ్ల పేరుతోనే ఈమెయిల్ వస్తే, అందులో ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి ఆ కేసు చూసే మనిషితో మాట్లాడండి. మాట్లాడేదాకా ఒక్క పౌండు కూడా పంపకండి.