కొలాజెన్ వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. సీఓఎల్1ఏ1 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుందనీ, ఎముకలకూ చర్మానికీ కండరాల్ని ఎముకలకు కట్టే టెండన్లకూ బలాన్నిచ్చే ప్రొటీన్ అయిన టైప్ 1 కొలాజెన్‌కు అది ముఖ్యమనీ రాశావు. తప్పేమీ లేదు. కానీ చదివినవాడు "అయితే ఏంటట?" అంటాడు.

ముందు ఆ కొలాజెన్ ఎలా తయారవుతుందో చూపించు. మూడు పోగులు జడలా పేనుకుంటాయి. రెండు ఈ జన్యువు ఇచ్చేవి, మూడోది 7వ క్రోమోజోమ్ మీది సీఓఎల్1ఏ2 ఇచ్చేది. ప్రతి పోగులోనూ, దాన్ని కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో మూడింటికి ఒకటి గ్లైసీన్ అని రాసి ఊరుకున్నావు. ఎందుకో చెప్పాలి కదా! పోగులు కలిసే నడిమి చోటు బాగా ఇరుకు. అన్నిటికన్నా చిన్నదైన గ్లైసీన్ తప్ప అక్కడ మరోటి పట్టదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మూడు పోగుల నమూనాను ప్రకటించారు. వాళ్ల పేర్ల ముందు నువ్వు పెట్టిన విశేషణాలన్నీ తీసెయ్, చేసిన పని చాలు.

అసలు రుచి ఉన్నచోటు ఒక్క వాక్యంలో దాటేశావు. ఎముకలు చిన్న దెబ్బకే విరిగే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా సంగతి. మనకు సీఓఎల్1ఏ1 జన్యువు ప్రతులు రెండు. ఒకటి అసలు పనిచేయకపోతే కొలాజెన్ సగమే తయారవుతుంది, కానీ తయారైంది మంచిదే. జబ్బు సాధారణంగా తేలికగానే ఉంటుంది. అదే ఒక ప్రతి గ్లైసీన్ చోట ఇంకోటి పెట్టి చెడ్డ పోగు ఇస్తుంటే? ఒక్కో అణువులో ఈ రకం పోగులు రెండుండాలి. రెండూ మంచివే పడేది నాలుగో వంతులోనే. మిగతా ముప్పావు వంతు అణువుల్లో చెడ్డ పోగు దూరుతుంది. అందుకే జబ్బు చాలాసార్లు తీవ్రంగా ఉంటుంది, కొందరు పసికందులు పుట్టగానే పోతారు కూడా. ఈ లెక్క నువ్వు చెప్పెయ్యకు, పాఠకుడి చేతే వేయించు.

కొలాజెన్ పౌడర్ల పేరా మొత్తం కొట్టెయ్. జన్యువులోని తప్పును ఏ పౌడరూ దిద్దదు. తిండి సంగతి రాయాలనే ఉంటే విటమిన్ సి గురించి రాయి. అది అందకపోతే పోగుల్లోని మరో అమైనో ఆమ్లమైన ప్రోలీన్‌కు జరగాల్సిన మార్పు జరగదు, పేనిక నిలవదు, చిగుళ్ల నుంచి నెత్తురు కారే స్కర్వీ వస్తుంది. జన్యువు బాగానే ఉన్నా సరే!

తిరగరాసేటప్పుడు బొమ్మ ఒకటి పెట్టు. మూడు పోగుల్ని అడ్డంగా కోస్తే ఎలా కనిపిస్తాయో గియ్యి. గ్లైసీన్లు లోపలి వైపుకే ఉండాలి, చూసుకో.

మీ అన్నయ్య