వరద భయానికి నిద్రమాత్రలు.. ఎవరు రాసిచ్చారమ్మా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఇల్లు మునిగింది. మూడు రోజులు డాబా మీదే ఉన్నాం. అమ్మకు 57 ఏళ్లు. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు.. బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు అటక మీదికి చేరుస్తుంది. రాత్రంతా మేలుకునే ఉంటుంది. మందుల షాపులో అడిగి అల్ప్రజోలం 0.5 తెచ్చి, ఏడెనిమిది నెలలుగా వేస్తున్నాం. ఒకటి చాలక ఈమధ్య రెండు వేసుకుంటోంది. ఇప్పుడు మతిమరుపు మొదలైంది. రెండుసార్లు బాత్‌రూమ్‌లో తూలిపడబోయింది. నాన్న ఆటో కూడా నీళ్లలో పాడైంది, ఆయన రోజూ తాగుతున్నారు. అమ్మ జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి.
– ఓ పాఠకురాలు

జవాబు: టానిక్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రల గురించి మాట్లాడాలి. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ చూసి అమ్మినా డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాయాలి. అలాంటిది అడగ్గానే ఇచ్చారు, మీరూ నెలల తరబడి వేస్తూపోయారు. ఒకటి చాలక రెండు కావాల్సి వస్తోందంటే ఒంటికి అది అలవాటు పడుతోందన్నమాట. మతిమరుపు, తూలు కూడా దానివల్లే కావచ్చు. ఈ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే మానేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే విపరీతమైన ఆందోళన, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. దానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. విపత్తు తర్వాత మొదటి నెలలో నిద్ర పట్టకపోయినా, భయంగా ఉన్నా ఈ రకం మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మత్తులో నిద్ర పడుతుంది, లోపలి భయం అలాగే ఉంటుంది.

ఇక అసలు సమస్య. వరద వచ్చిన తొలి వారాల్లో ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం సహజం. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గక, రోజువారీ పనులకు అడ్డొస్తుంటే మాత్రం చూపించాలి. మీరు చాలా ఆలస్యం చేశారు. వానాకాలం పోతే సర్దుకుంటుందని ఎదురుచూసినట్టున్నారు. మీరు రాసినదాన్ని బట్టి పీటీఎస్‌డీ (పెద్ద ఆపద తర్వాత నెలలు గడిచినా వదలని భయం) అనే సమస్య ఉందేమోనని అనుమానం, తోడుగా డిప్రెషన్ కూడా ఉండొచ్చు. మనిషిని చూడకుండా ఉత్తరం మీద తేల్చలేను. ఏదైనా సరే, దానికి వైద్యం ఉంది. ఆ భయాన్ని ఎదుర్కోవడం నేర్పే ప్రత్యేక కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్, ఆందోళన తగ్గించే మందులు ఇస్తారు. వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, అల్ప్రజోలంలా వ్యసనంగా మారవు. అవి కూడా షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించండి, మతిమరుపుకు వేరే కారణముంటే తెలుస్తుంది.

అమ్మగారిని ఈ వారమే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోగానీ, దగ్గర్లోని సైకియాట్రిస్ట్‌కుగానీ చూపించండి. వాడిన మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. సామాన్లు పైన పెడుతుంటే కసరకండి. ఒకసారి మునిగిన ఇల్లు అది, ఆమె జాగ్రత్తలో తప్పేం లేదు. సర్టిఫికెట్లన్నీ ఒకే సంచిలో పెట్టి శాశ్వతంగా పైనే ఉంచండి. పాత వరద వీడియోలు ఆమె ముందు పెట్టకండి. ‘బతకాలని లేదు’ అన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే మాత్రం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ నాన్నగారి గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆయన్ను కూడా అదే డాక్టరుకు చూపించాలి. వరదలో జీవనాధారం పోయిన మగవాళ్లలో బాధ చాలాసార్లు తాగుడుగానే బయటపడుతుంది. అప్పటిదాకా ఆ మాత్రలు ఆయన చేతికి అందకుండా మీ దగ్గరే తాళం వేసి ఉంచండి. మద్యం మీద అల్ప్రజోలం వేసుకుంటే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది.