బడ్జెట్ రాసేచోట పని చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: నమస్కారమండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కొంత వరి, మిగతాదంతా రొయ్యల చెరువులు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంఈసీ. సీఏ చేయిద్దామనే చేర్చాం. బడ్జెట్ రోజున మేత మీద సుంకం గురించి ఏమైనా చెబుతారేమోనని నేను టీవీ ముందు కూర్చుంటే, తను పక్కన చేరి "దేనికి ఎంత ఇవ్వాలో అసలు ఎవరు తేలుస్తారు నాన్నా? నేను ఆ పనే చేస్తా" అంది. అప్పటినుంచీ అదే మాట. అలాంటి ఉద్యోగం ఉందాండీ? ఐఏఎస్ ఒక్కటేనా దారి? ఒక కాలేజీవాళ్ళు డిగ్రీతోపాటే ఐఏఎస్ కోచింగ్ అని మూడేళ్ళకు పెద్ద ఫీజు చెబుతున్నారు. వాళ్ళమ్మకేమో పిల్ల ఢిల్లీ వెళ్ళిపోతుందని ఇప్పటినుంచే టెన్షన్.
— ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఉందండీ. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కాకపోతే మీ అమ్మాయి అడిగిన పని టీవీలో చూపించే రోజున జరగదు. ఫిబ్రవరి ఒకటిన మంత్రి గారు చదివేసరికే బేరాలన్నీ అయిపోయి ఉంటాయి.

మన దగ్గర సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు ముగిసే రోజుల్లో, అటూ ఇటూగా, ఆర్థిక మంత్రిత్వ శాఖలోని బడ్జెట్ విభాగం అన్ని శాఖలకూ ఒక సర్క్యులర్ పంపుతుంది. వచ్చే ఏడాదికి మీకెంత కావాలో లెక్కలతో చెప్పండని. ఆ తర్వాత ఒక్కో శాఖ కార్యదర్శీ, ఆ శాఖ ఆర్థిక సలహాదారూ ఫైళ్ళు పట్టుకుని వెళ్ళి వ్యయ విభాగం వాళ్ళ ముందు కూర్చుంటారు. పోయినేడు ఎంత తీసుకున్నారు, ఎంత ఖర్చుపెట్టారు, మిగిలితే ఎందుకు మిగిలింది? కోత పడేది అక్కడే. కొత్తగా పెద్ద పథకం పెట్టాలంటే అది విడిగా ఎక్స్‌పెండిచర్ ఫైనాన్స్ కమిటీ దాటాలి, తర్వాత కేబినెట్ ఒప్పుకోవాలి. రైతు సంఘాలనీ పరిశ్రమలవాళ్ళనీ పిలిచి మంత్రి గారు మాట్లాడే సమావేశాలు పేపర్లో ఫొటోలతో వస్తాయి గానీ, బరువైన పని ఈ ఫొటోలు లేని గదుల్లోనే.

దాళ్వాకు (రబీ వరికి) ముందు జరిగే నీటిపారుదల సలహా మండలి సమావేశం మీకు తెలిసిందే. గోదావరిలో నీళ్ళెన్ని, ఎన్ని ఎకరాలకు వస్తాయి, శివారుకు వంతులెలా వేయాలి అని తేలుస్తారు. మంచినీళ్ళకు పక్కన పెట్టాకే పొలాల మాట. ఢిల్లీలోనూ ముందే పక్కన పెట్టేసేవి చాలా ఉంటాయి. 2025-26 బడ్జెట్ పత్రాల్లో రూపాయి ఎటు పోతుందో చూడండి: రాష్ట్రాలకు పన్నుల వాటా 22 పైసలు, పాత అప్పుల మీద వడ్డీ 20, రక్షణ 8, పింఛన్లు 4. ఈ నాలుగింటికే 54 పైసలు అయిపోయాయి. ఏ పార్టీ గెలిచినా వీటిని ఒక్క ఏడాదిలో పెద్దగా కదపలేదు. మిగిలినదాని కోసమే తోపులాటంతా.

మీ రంగం లెక్కే తీసుకుందాం. చేపలు, రొయ్యల వ్యవహారానికి కేంద్రంలో 2019 వరకు విడిగా మంత్రిత్వ శాఖ లేదు. పశుసంవర్ధకంతో కలిపి అప్పుడు పెట్టారు. మరుసటి ఏడాదే 20,050 కోట్లతో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది. ఒక రంగానికి ప్రాధాన్యం పెరగడమంటే ఇలాగే ఉంటుంది. మొదట కుర్చీ, తర్వాత పద్దు. అయినా 2025-26లో మత్స్య శాఖకు ఇచ్చింది సుమారు 2,703 కోట్లు. అప్పటిదాకా అదే ఎక్కువ. కేంద్రం మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అంటే వంద రూపాయల్లో అయిదు పైసలు.

ఇందులో రాష్ట్రం పాత్ర కూడా అమ్మాయికి అర్థం కావాలి. దానికి పుస్తకం అక్కర్లేదు, మీ చెరువు గట్టు చాలు. మేత మీద సుంకం కేంద్రం చేతిలో ఉంది. 2024 జులై బడ్జెట్‌లో రొయ్యల మేత మీద, తల్లి రొయ్యల మీద దాన్ని 5 శాతానికి తగ్గించారు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగే, యూనిట్ రూపాయిన్నర కరెంటు రాష్ట్రం ఇచ్చే రాయితీ. మత్స్య సంపద యోజనలో రాష్ట్రాల ద్వారా అమలయ్యే పనులకు మనలాంటి రాష్ట్రంలో ప్రభుత్వ సొమ్ము 60:40. కేంద్రం తన 60 ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నా, ఇక్కడ రాష్ట్రం 40 తీయకపోతే బండి కదలదు. ఇక కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత పంచాలో చెప్పేది ఆర్థిక సంఘం. సాధారణంగా అయిదేళ్ళకోసారి. 14వ సంఘానికి అధ్యక్షులు రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్, మన వై.వి. రెడ్డి గారే. ఆ వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచమన్నది ఆ సంఘం. 15వ సంఘం దాన్ని 41 చేసింది. మీ అమ్మాయి "ఎవరు తేలుస్తారు" అని అడిగింది చూడండి, జవాబులో ఇంతమంది ఉన్నారు.

చదువు సంగతి తర్వాత. ముందు ఒక చిన్న పని ఇవ్వండి. కేంద్ర బడ్జెట్ పత్రాలన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మత్స్య శాఖ పద్దు తీయమనండి. ప్రతి పథకానికీ నాలుగు అంకెలు పక్కపక్కనే ఉంటాయి: పోయినేడు నిజంగా ఖర్చయింది, ఈ ఏడాది ఇస్తామన్నది, ఈ ఏడాదే మధ్యలో సవరించింది, వచ్చే ఏడాదికి ఇస్తున్నది. అయిదేళ్ళ పత్రాలు తీసి ఒక నోటు పుస్తకంలో ఎక్కించమనండి. ఇస్తామన్న అంకెకూ సవరించిన అంకెకూ మధ్య తేడా ఎక్కడ పెద్దగా ఉందో, అక్కడ ప్రసంగం ఒకటి, పని ఇంకొకటి అన్నమాట. నన్నడిగితే ప్రభుత్వం మనసు తెలిసేది ఆ మూడో గడిలోనే. ఈ పని చేస్తున్నప్పుడు తనకు అన్నం వేళ గుర్తురాకపోతే ఈ దారి తనదే. రెండో రోజుకే విసుగొస్తే, అది టీవీ చూసినప్పటి ఉత్సాహమే అనుకోండి.

ఇక చదువు. ఇంటర్ తర్వాత ఎకనామిక్స్ డిగ్రీ, పక్కన మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ తప్పనిసరిగా. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చాలా ఏళ్ళ కిందట కోనసీమ కుర్రాడొకడికి "లెక్కలు వద్దులే, హాయిగా బీఏ చదువుకో" అని నేనే చెప్పాను. పీజీ ఎంట్రన్స్‌లో, పీజీలో ఆ లెక్కలే అడ్డం పడి నానా అవస్థ పడ్డాడు. ఆ తప్పు నాదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే ఎకనామిక్స్ అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ కన్నా దగ్గర, హాస్టల్ ఉంటుంది. ఫీజు మీకు చెప్పిన కోచింగ్‌తో పోల్చి చూసుకోండి.

ఎకనామిక్స్ పీజీ ఉంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయొచ్చు. 21 నుంచి 30 ఏళ్ళ మధ్య. కేంద్ర శాఖల్లో ఈ లెక్కలు వేసేవాళ్ళలో వీళ్ళున్నారు. అమ్మాయి అడిగిన పనికి అన్నిటికన్నా దగ్గరిది ఇదే. పోస్టులు మాత్రం ఏటా పదుల్లోనే, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఏ డిగ్రీ ఉన్నా రాయగల ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో కేంద్ర సచివాలయంలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, కాగ్ కింద ఆడిట్ ఉద్యోగాలు ఉంటాయి. ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో పట్టుకునే పని అది, తక్కువదేం కాదు. ఎంపీల దగ్గర పార్లమెంటు సమావేశాల కాలమంతా పరిశోధన చేసే ల్యాంప్ ఫెలోషిప్ ఒకటుంది, డిగ్రీ అయిన పిల్లలకు. ఉద్యోగం కాదు గానీ, పద్దుల మీద చర్చ ఎలా నడుస్తుందో కళ్ళారా చూడొచ్చు.

ఐఏఎస్ కూడా దారే, కాదనను. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు ఫిజిక్స్ చదివి, ఐఏఎస్‌లో చేరి, ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థిక శాఖ చూసి, కేంద్ర ఆర్థిక కార్యదర్శి అయి, 2008లో రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. అయితే ఆయన కూడా మధ్యలో ఆగి ఎకనామిక్స్ చదువుకున్నారు. డిగ్రీ మొదటి రోజునుంచే కోచింగ్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. పదిహేడేళ్ళ పిల్లకు రోజుకు పది గంటలు పాయింట్లు బట్టీ పట్టిస్తే, "ఎవరు తేలుస్తారు నాన్నా" అని అడిగే గుణమే పోతుంది. డిగ్రీ బాగా చదివాక కోచింగ్ ఎక్కడికీ పోదు.

వాళ్ళమ్మ గారికి చెప్పండి, ఢిల్లీ తప్పనిసరి కాదు. రాష్ట్ర బడ్జెట్ కూడా బడ్జెట్టే. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో ఆర్థిక శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు వస్తుంటాయి, పని వెలగపూడి సచివాలయంలో. మీ రూపాయిన్నర కరెంటు ఫైలు తిరిగేది అక్కడే. సెలవుకు ముందు రోజు సాయంత్రం బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటుంది.

సీఏ ఫౌండేషన్‌కు ఇంకా డబ్బు కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే పరీక్ష రాయనివ్వండి, అకౌంట్స్ తెలిసుంటే ఆ పద్దులు చదవడం ఇంకా తేలిక.