ఒక్క పుష్‌తో రెండు చోట్లకీ

ప్రశ్న: పర్లాకిమిడిలో మా బావ కిరాణా కొట్టుకి తెలుగు, ఒడియా రెండింట్లోనూ బిల్లు వచ్చే ప్రోగ్రామ్ రాశాను. కోడ్ దాచుకునే సైట్లు రెండింట్లోనూ, అంటే గిట్‌హబ్‌లోనూ, గిట్‌ల్యాబ్‌లోనూ ఉంచుతున్నా. ప్రతిసారీ రెండుసార్లు పుష్ చేయాలంటే (నా కంప్యూటర్‌లోని మార్పుల్ని అక్కడికి పంపాలంటే) విసుగొస్తోందండీ.

జవాబు: కోడ్ మార్పుల లెక్క చూసే గిట్ ప్రోగ్రామ్‌లో, కోడ్ పంపే చోటుకి ‘ఆరిజిన్’ అనే పేరుంటుంది. ఆ ఆరిజిన్ రిమోట్‌కి గిట్‌ల్యాబ్ చిరునామాను పుష్ యూఆర్ఎల్‌గా (పంపాల్సిన చిరునామాగా) చేర్చండి. ఇక్కడో మెలిక ఉంది. అలా చేర్చగానే గిట్ పాత చిరునామాకి, అంటే గిట్‌హబ్‌కి, పుష్ చేయడం మానేస్తుంది. అందుకని గిట్‌హబ్‌దీ పుష్ యూఆర్ఎల్‌గా మళ్లీ చేర్చాలి. ‘గిట్ రిమోట్ మైనస్ వి’ (git remote -v) కొడితే పుష్ వరసలు రెండు కనబడాలి. పుష్‌లో అచ్చంగా నకలు దింపే మిర్రర్ ఆప్షన్ జోలికి ఊరికే పోకండి. మీ దగ్గర లేని బ్రాంచీలను (కోడ్‌లోని విడి శాఖలను) అవతల తుడిచిపెడుతుంది. బావగారి ఫిర్యాదులు ఇష్యూల్లో, అంటే ఆ సైట్లలో లోపాలు రాసుకునే చోట, రాసుకుంటుంటే (బావలకి ఫిర్యాదులు తక్కువా!) అవి మాత్రం పుష్‌తో వెళ్లవు. నేనైతే ఇష్యూలన్నీ గిట్‌హబ్‌లోనే పెట్టి, గిట్‌ల్యాబ్‌ని నకలుగానే ఉంచుతాను.